వేసవికి ముందు గడ్డిమేట్లు, పీచు కుప్పల దగ్గర జాగ్రత్తలు

దాళ్వా కోతలయ్యాక డెల్టాలో కొత్త గడ్డిమేట్లు లేస్తాయి. కోనసీమలో కొబ్బరి పీచు, పొట్టు కుప్పలు బాగా ఎండేదీ అప్పుడే. దానికి పడమటి వడగాడ్పు తోడు. అందుకే మేటు ఎక్కడ వేయాలో ముందే చూసుకోవాలి. ఇంటికి, పశువుల పాకకు పడమర వైపు వద్దు. కరెంటు తీగల కింద అసలే వద్దు.

నిప్పుకు గాలి ఎంత ముఖ్యమో బాగా తెలిసేది అంతరిక్షంలో. ఇక్కడ వేడి గాలి తేలికై పైకి పోతే, కింద నుంచి కొత్త గాలి వచ్చి మంటను పెంచుతుంది. బరువు తెలియని చోట ఈ వరుసే ఉండదు. గుడ్డో ప్లాస్టిక్కో అంటుకుంటే దానికి ముఖ్యంగా ఫ్యాన్లు తోసే గాలే ఆధారం. 2016లో నాసా సిగ్నస్ అనే సరుకు వ్యోమనౌకలో, మనుషులెవరూ లేనప్పుడు, దాదాపు మీటరు పొడవు గుడ్డను కాల్చి మంట ఎలా పాకుతుందో చూసింది. స్పేస్ స్టేషన్‌లో పొగ అలారం మోగితే ముందు ఫ్యాన్లు ఆపేది మంటకు గాలి అందకూడదనే. అయితే మంట బతకడానికి అక్కడ చాలా నెమ్మది గాలి కూడా సరిపోతుంది. టెన్షన్ అంతా దానితోనే.

పీచు కుప్ప లోపల కూడా గాలి ఆడేది అంతంతమాత్రమే. బీడీ ముక్క పడితే మంట కనపడకుండా లోలోపలే రోజుల తరబడి రగులుతుంది. మనకు గాడ్పును ఆపే స్విచ్ లేదు. కాబట్టి పొగ వస్తోంది కదా అని గునపంతో కుప్పను పెళ్లగించకండి. ఒక్కసారిగా గాలి తగిలి భగ్గుమంటుంది. ముందు బాగా తడపాలి, తర్వాత అంచు నుంచి కొంచెం కొంచెంగా లాగుతూ మళ్లీ తడపాలి. కుప్ప ఎక్కకూడదు, లోపల కాలి డొల్లగా ఉంటే కాలు దిగిపోతుంది. షెడ్డులో రగులుతుంటే లోపలికి వెళ్లొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. 101కి ఫోన్ చేయండి.

తడి గడ్డిని మేటు వేస్తే నిప్పు లేకుండానే లోపల వేడి పుడుతుంది. ఇనప చువ్వ గుచ్చి కాసేపాగి తీయండి, చేత్తో పట్టుకోలేనంత కాలుతుంటే పైన పీచు కుప్పకు చెప్పిన జాగ్రత్తలే దీనికీ. నిప్పు ఆరిందనుకున్న కుప్ప పక్కన రెండు మూడు రోజులు కొత్త గడ్డి వేయకండి.