ఐర్లండ్ ప్రైమరీ స్కూల్లో టీచింగ్ ప్రాక్టీస్ ఎలా చేయాలి?

టీచర్ ట్రైనింగ్ ఏ దేశంలో చేస్తున్నా సరే, యూనివర్సిటీ వాళ్లు మిమ్మల్ని కొన్ని వారాలు ఐర్లండ్‌లోని ప్రైమరీ స్కూలుకు పంపుతుంటే ఇది మీకోసమే. ఈ పని నేను చేశాను, ఇప్పుడు చేసేవాళ్లను క్లాసు వెనక కూర్చుని చూస్తుంటాను. అందరూ ఒకే చోట దెబ్బతింటున్నారు, అదీ పాఠం చెప్పేటప్పుడు కాదు. ఆ సంగతికి వస్తాను, ముందు తేలిక పనులు గబగబా కానిద్దాం.

1. కాగితాలు

గార్డా వెట్టింగ్ కాకుండా క్లాసులో అడుగు పెట్టనివ్వరు. గార్డా అంటే అక్కడి పోలీసులు, మీ మీద కేసులేమైనా ఉన్నాయా అని చూసే తనిఖీ ఇది. దీనికి మీ అంతట మీరు అప్లై చేయలేరు, యూనివర్సిటీయో స్కూలో మీ తరఫున పంపాలి. పుట్టినప్పటి నుంచి ఉన్న అడ్రసులన్నీ అడుగుతారు, ఇంటర్లో ఉన్న హాస్టల్‌తో సహా రాయండి, తేదీల మధ్య ఖాళీ కనిపిస్తే ఫారం వెనక్కి వస్తుంది. ఇండియాలో ఉన్న కాలానికి పీసీసీ, అంటే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్, అడుగుతారు కాబట్టి అది ముందే తీసి పెట్టుకోండి.

2. క్లాసు

మొత్తం ఎనిమిది క్లాసులు. జూనియర్ ఇన్‌ఫంట్స్, సీనియర్ ఇన్‌ఫంట్స్, తర్వాత ఒకటి నుంచి ఆరు. ఏది కావాలని అడిగితే మూడో క్లాసు అనండి. ఇన్‌ఫంట్స్ దగ్గర కోట్ల జిప్పులు పెట్టడంతోనే పొద్దు గడిచిపోతుంది. అక్కడ ఎక్కువ స్కూళ్లు క్యాథలిక్ చర్చి ఆధ్వర్యంలోవి కాబట్టి వసంతం వచ్చేసరికి రెండో క్లాసు ఫస్ట్ కమ్యూనియన్ హడావుడిలో, ఆరో క్లాసు కన్ఫర్మేషన్ హడావుడిలో ఉంటాయి, రెండూ పిల్లలకు చర్చిలో చేసే వేడుకలు, మీ పాఠాలకు టైమ్ దొరకదు. మూడో క్లాసే, ఇందులో వాదన లేదు.

3. సామాను

వాన ఆగే జాకెట్, ఎందుకంటే విరామంలో యార్డు డ్యూటీకి టీచర్‌తో పాటు మీరూ బయట నిలబడాలి. స్టాఫ్‌రూమ్‌లో వాడుకోవడానికి సొంత కప్పు. చేతి గడియారం. నట్స్ చాలా స్కూళ్లలో నిషేధం, పల్లీలు కూడా అందులోకే వస్తాయి, కాబట్టి పులిహోర, పల్లీ చట్నీ ఇంట్లోనే. థర్మాకోల్ చార్టులు, రంగుల టీఎల్ఎమ్‌లు, అంటే పాఠం చెప్పడానికి చేసుకునే బొమ్మలూ సామానూ, వద్దు. డీఎడ్ చేసినవాళ్లకు ఈ మాట కష్టంగా ఉంటుందని తెలుసు.

4. మొదటి వారం

చూడండి, రాసుకోండి, అంతే. హాజరు పట్టీ మీరు పిలవబోయే ముందు రోజే క్లాస్ టీచర్ దగ్గర కూర్చుని పేర్లు తెలుగులో రాసుకోండి, స్పెల్లింగ్ నమ్ముకుంటే నీవ్, ఈఫా, టైగ్ ఏమైపోతారో చెప్పలేం. 'అన్ విల్ క్యాద్ అగమ్ దుల్ గొ జీ అన్ లెహ్రస్' అని ఎవరైనా చెయ్యెత్తి ఐరిష్ భాషలో అడిగితే టాయిలెట్‌కి వెళ్లొచ్చా అని, 'తా క్యాద్' అంటే సరి. ప్రిన్సిపాల్‌ను సార్, మేడమ్ అనకండి, పెద్దవాళ్లు ఒకరినొకరు పేరు పెట్టే పిలుచుకుంటారు. ఏ పిల్లైనా ఇంట్లో సంగతి ఏదో భయపడుతూ చెబితే గుచ్చి గుచ్చి అడగొద్దు, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వొద్దు, అదే రోజు డీఎల్‌పీకి చెప్పేయండి. పిల్లల రక్షణ చూసే ఆ బాధ్యత మామూలుగా ప్రిన్సిపాల్‌దే.

5. ఒక పని నుంచి ఇంకో పనికి మారడం

ఇక అసలు సంగతి. లెక్కలు అయిపోయాయి, ఇంగ్లీషు మొదలుపెట్టాలి. ఆ మధ్య అయిదు నిమిషాల్లోనే మీ భవిష్యత్తు తేలిపోతుంది. పెళ్లి భోజనాల్లో ఒక బంతి లేచి ఇంకో బంతి కూర్చునేటప్పుడు ఉండే గందరగోళమే ఇక్కడా. పెద్ద క్లాసులకు స్కూలు టైమ్ విరామాలతో కలిపి 5 గంటల 40 నిమిషాలు. రోజుకు ఆరుసార్లు మారుతూ మారినప్పుడల్లా అయిదు నిమిషాలు పోగొట్టుకుంటే అరగంట గాలికి పోయినట్టే.

అందరూ చేసే తప్పు ఒకటే. ముందు సామాను పంచేసి తర్వాత చెప్పడం మొదలుపెడతారు. చేతిలో రంగురంగుల క్యూబులు ఉన్న పిల్లాడు మీ మాట ఎందుకు వింటాడు? నేనైనా వినను. అప్పుడు గొంతు పెంచుతారు. మనం డస్టర్‌తో బల్ల మీద కొడితే అరవై మంది గప్‌చుప్ అయ్యే క్లాసుల్లోంచి వచ్చినవాళ్లం, చెయ్యి ఆటోమేటిగ్గా అటే పోతుంది. అక్కడ అది నడవదు. స్కూళ్లలో పిల్లల్ని కొట్టడం 1982లోనే ఆపేశారు, అరిస్తే భయపడాలన్న సంగతి కూడా వాళ్లకు తెలియదు, ఈవిడకేమైంది అన్నట్టు వింతగా చూస్తారు. ఈలోగా వెనకనుంచి క్లాస్ టీచర్ లేచి వచ్చి రెండు మాటల్లో సర్దేస్తారు. ఇక ఆ రోజు నుంచి పిల్లలు మీ వైపు కాదు, ఆవిడ వైపు చూస్తారు. అది తిరిగి సంపాదించుకోవడం చాలా కష్టం.

వరుస ఇది, మార్చకండి. ముందు ఆపండి: రోజూ ఒకే చోట నిలబడి చెయ్యెత్తి మాట్లాడకుండా ఉండండి. ఎంతసేపైనా సరే. ఆ నిశ్శబ్దంలో మీకు చెమటలు పడతాయి, ఓర్చుకోండి, సగం మంది ఆగారు కదా అని నోరు తెరిస్తే మిగతా సగం ఇక ఎప్పటికీ ఆగరు. తర్వాత మూడే మాటలు చెప్పండి, పుస్తకం లోపల పెట్టండి, నోట్‌బుక్ తీయండి, తేదీ రాయండి. నాలుగోది చెబితే మొదటిది మర్చిపోతారు. తర్వాత కిటికీలోంచి చూస్తున్న పిల్లను ఏం చేయాలో చెప్పమనండి. చెయ్యెత్తిన చురుకైన పిల్లను కాదు, తనకు ఎలాగూ తెలుసు. అప్పుడు ఒక్కో టేబుల్‌ని కదలమనండి. వాళ్లు కదులుతున్నంతసేపు మీరు మాట్లాడొద్దు. ఒక్క ముక్క కూడా.

క్లాస్ టీచర్‌కి తన సిగ్నల్ ఉంటే అదే వాడండి, చాలామంది 'క్యూనస్' అంటారు, ఐరిష్‌లో నిశ్శబ్దం అని. చప్పట్ల తాళం అలవాటు ఉన్న క్లాసైతే అదీ వాడక తప్పదు, నాకైతే నచ్చదు, పిల్లలకు తాళం బాగా నచ్చి ఇంకో రౌండు వేస్తారు, పక్క క్లాసు వాళ్లు కూడా అందుకుంటారు. స్టిక్కర్లు, యాప్‌లో పాయింట్లు అంతకన్నా దండగ, పాయింట్లు ఆపిన రోజు క్లాసు కూడా ఆగిపోతుంది. ఎత్తిన చేతికి బ్యాటరీ అక్కర్లేదు.

పల్లెటూరి స్కూలైతే రెండు మూడు క్లాసులు ఒకే గదిలో ఉండొచ్చు. అప్పుడు ఒక గుంపుకి రాతపని ఇచ్చి, వాళ్లు కలం పట్టాకే రెండో గుంపును కదపండి. ఇద్దరినీ ఒకేసారి కదిపితే నేను బాధ్యుణ్ణి కాను. వాన వల్ల లంచ్ టైమంతా గదిలోనే గడిపిన రోజు ప్లాన్‌లో ఏమున్నా పక్కన పెట్టి, పది నిమిషాలు కథ చదివి వినిపించాకే పాఠం మొదలుపెట్టండి.

6. మిగతావి

యూనివర్సిటీ ట్యూటర్ మీ పాఠం చూడటానికి వచ్చే రోజు కొత్త ప్రయోగాలు వద్దు, నిన్నటి వరుసే చేయండి. రిఫరెన్స్ లెటర్ చివరి రోజు అడగొద్దు, ఓ వారం ముందే అడగండి, ముఖ్యంగా జూన్‌లో. జూలై, ఆగస్టుల్లో స్కూళ్లు మూసేస్తారు, ఈమెయిల్ చూసేవాళ్లు ఉండరు.