ఎదురు కుక్క కనబడితే మీద పడే కుక్కకు శిక్షణ – 3వ పాఠం: ఎంత దూరంలో నిలబడాలి?

పోయిన పాఠంలో వారం రోజులు నోట్‌బుక్ రాయమన్నాను. మీ కుక్క ఏ వేళ, ఎక్కడ ఇంకో కుక్కను చూసి మొరిగిందో, అప్పుడు రెండింటికీ మధ్య ఎన్ని అంగల దూరం ఉందో రాసి ఉంటారు. ఈ పాఠమంతా ఆ చివరి అంకె మీదే నడుస్తుంది. రాయని వాళ్లు ఈ వారం రాసి, వచ్చే వారం ఇక్కడికి రండి. అలాగే "పద" అనగానే మనతో పాటు వెనక్కి తిరిగే అలవాటు ఇంట్లో, మేడ మీద బాగా కుదిరాకే వీధిలోకి దిగండి.

కొత్తగా చదువుతున్న వాళ్ల కోసం మా కాటుక సంగతి చెబుతాను. మాది రాజమండ్రి. కాటుక నల్లటి నాటు కుక్క, ఆడది. పిల్లగా ఉన్నప్పుడు వీధికుక్కలు ఒకసారి దాన్ని మూలకు తరిమి కరిచాయి. రెండేళ్లు వచ్చేసరికి ఏ కుక్క కనబడినా లీష్ చివరికంటా దూకి, వెనక కాళ్ల మీద లేచి మొరిగేది. చూసిన వాళ్లు "ఎంత పొగరో" అనేవారు. నాకు మాత్రం ఆ అరుపులో భయమే వినబడేది. "దగ్గరికి రావద్దు, పో" అంటోంది అది. లీష్ ఉంది కాబట్టి పారిపోయే దారి లేదు. అరిస్తే ఎదుటి కుక్క అయినా వెళ్లిపోతుంది, లేదా మనమైనా దీన్ని లాక్కుపోతాం. ఎలాగైతేనేం, దూరం పెరుగుతుంది. అరిచినందుకు ఫలితం దక్కింది కాబట్టి రేపు ఇంకాస్త ముందుగానే అరుస్తుంది.

ఆడుకోవాలన్న ఆత్రంతో, లీష్ ఆపుతోందన్న చిరాకుతో మొరిగే కుక్కలూ ఉంటాయి. వాటికీ ఈ అభ్యాసం పనికొస్తుంది.

మనం చేయాల్సిందల్లా, అది అడుగుతున్న దూరాన్ని అది అరవకముందే ఇచ్చేయడం.

ఎంత దూరమన్నది తిండి చెబుతుంది. ఎదుటి కుక్కను చూశాక కూడా మీ కుక్క మీ చేతిలో ముక్క మామూలుగా తింటే ఆ దూరం చాలు. చేతిని గట్టిగా కొరుకుతూ లాక్కుంటే అంచు మీద ఉన్నారు. ముక్కను అసలు పట్టించుకోకపోతే, నోట్లో పెట్టినా కింద పడేస్తే గీత దాటేశారు, అక్కడ ఇక ఏ పాఠమూ ఎక్కదు. "పద" అని వెనక్కి తిరిగి వచ్చేయండి. గీత దాటడానికి ముందే ఒళ్లు చెబుతుంది: నోరు మూసుకుపోతుంది, ఒంటి బరువు ముందు కాళ్ల మీదికి వస్తుంది, తోక పైకి లేచి బిగుసుకుంటుంది, చూపు కదలదు. వెన్ను మీద వెంట్రుకలు నిక్కబొడుచుకునే దాకా ఆగకండి.

మా వీధిలో కరెంటు స్తంభానికీ స్తంభానికీ నడుమ నా అంగలు నలభై. కాటుక మొదటి గీత నలభై ఐదు అంగలు. అంటే స్తంభం దాటి ఇంకొంచెం. అంత దూరం నుంచి శిక్షణేమిటి అని మా ఇంట్లో వాళ్లే అన్నారు. అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఇప్పుడు అభ్యాసం. ఉప్పు, కారం లేకుండా ఉడికించిన చికెన్ గానీ, ఉడికిన గుడ్డు గానీ, పనీర్ గానీ బఠాణీ గింజంత ముక్కలు చేసి నడుముకు కట్టిన సంచిలో వేసుకోండి. కూరలోంచి తీసి కడిగిన ముక్కలు వద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు విషం, మసాలా కడిగినా ముక్కలో ఉండిపోతుంది. ఇంట్లో ఎప్పుడూ పెట్టే బిస్కెట్లు ఈ పనికి చాలవు. అసాధారణమైన తిండి కావాలి, అది ఎదుటి కుక్క కనబడినప్పుడు మాత్రమే దొరకాలి.

గీత దాటకుండా, ముక్క మామూలుగా తినే దూరంలోనే, లీష్ వదులుగా పట్టుకుని నిలబడండి. దూరంగా ఒక కుక్క కనబడుతుంది. మీ కుక్క దాన్ని చూస్తుంది. చూసిన తర్వాత, మళ్లీ చెబుతున్నాను, చూసిన తర్వాతే ముక్క ఇవ్వండి. ఎదుటి కుక్క కనబడుతున్నంతసేపూ ఒకదాని వెంట ఒకటి ఇస్తూ ఉండండి. అది మలుపు తిరిగి కనుమరుగవగానే సంచి మూసేయండి. కూర్చోమని, షేక్‌హ్యాండ్ ఇవ్వమని ఏమీ అడగవద్దు. ఇప్పుడు మార్చేది దాని ప్రవర్తనను కాదు, దాని మనసును.

ఈ వరుస దగ్గరే నేను రెండు నెలలు పాడుచేశాను. దూరంగా కుక్క కనబడగానే కాటుక చూడకముందే దాని దృష్టి మళ్లించాలని గబగబా సంచి తెరిచి ముక్కలు పెట్టేదాన్ని. కొన్నాళ్లకు సంచి జిప్ చప్పుడు వినగానే అది తల ఎత్తి వీధంతా వెతకడం మొదలుపెట్టింది. జిప్ చప్పుడంటే కుక్క వస్తోందని నేర్చుకుంది! చికెన్ వాసనకే దానికి టెన్షన్ పట్టుకుంది. కుక్కల జీర్ణరసాల మీద చేసిన పనికి 1904లో నోబెల్ అందుకున్న రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ ప్రయోగాల్లోనూ శబ్దమే ముందు, తిండి తర్వాత. వెనక వచ్చేదానికి ముందు వచ్చేది గుర్తు అవుతుంది. ఎదుటి కుక్క చికెన్‌కు గుర్తు కావాలి, చికెన్ ఎదుటి కుక్కకు గుర్తు కాకూడదు. మొత్తం పాఠంలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి.

పది నిమిషాలు, మూడు నాలుగు సార్లు కుక్కలు కనబడితే ఆ రోజుకు చాలు. సాయంత్రం అన్నం ఆ మేరకు తగ్గించండి. పొద్దున ఏ కారణం చేతనైనా పెద్ద రభస జరిగి ఉంటే సాయంత్రం అభ్యాసం మానేయండి, వీలైతే మర్నాడూ మానేయండి. ఒంట్లో ఆ వేడి గంటల్లో దిగదు. బాణసంచా కాల్చిన రాత్రి తర్వాత కూడా అంతే.

చోటు ఎంచుకోవడం గురించి. గోదావరి గట్టు మీద చాలా దూరం నుంచే కుక్కలు కనబడతాయని మొదట సంబరపడ్డాను. కానీ అక్కడ పక్కకు తప్పుకునే వీలు తక్కువ, రెండు వైపుల నుంచీ కుక్కలు వస్తే మధ్యలో చిక్కుకుపోతాం. సెలవురోజున కాలేజీ గ్రౌండ్ లాంటి చోటు మేలు. గ్రౌండ్ లేకపోతే సందు చివర ఆగి ఉన్న ఆటో చాటున నిలబడినా సరే, కనబడకుండా చేయడం కూడా దూరమే.

వీధికుక్కల గుంపు ఎదురుగా వచ్చేస్తే అది శిక్షణ వేళ కాదు, తప్పించుకునే వేళ. పరుగెత్తకండి, రాయి విసరకండి. గుప్పెడు బిస్కెట్ ముక్కలు వాటి కాళ్ల దగ్గర పడేలా చల్లి, మీ కుక్కను మీ వెనక వైపు ఉంచుకుని నెమ్మదిగా తప్పుకోండి. అందుకే రెండో జేబులో మామూలు బిస్కెట్లు పెట్టుకోమంటాను. కొట్లాట జరిగితే మధ్యలో చేయి పెట్టకండి, నీళ్లు కుమ్మరించండి. పొరపాటున కాటు పడితే ధారగా పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోవాలి.

మీ కుక్క ఇదివరకే ఇంకో కుక్కను రక్తం వచ్చేలా కరిచి ఉంటే మొదటి పాఠంలో చెప్పిన మూతి బుట్ట లేకుండా బయటికి తీసుకెళ్లవద్దు. ఎద్దుల మూతికి కట్టే చిక్కం లాంటిదే, నోరు తెరిచి వగర్చడానికీ నీళ్లు తాగడానికీ వీలున్నది కావాలి.

ఇక గొలుసు గుంజడం. ఒక శిక్షకుడు నాకు మెడ బిగుసుకునే గొలుసు ఇచ్చి, గుర్రుమన్నప్పుడల్లా ఒక్క గుంజు గుంజమన్నాడు. పది రోజుల్లో గుర్రుమనడం మానేసింది. ఎంత సంతోషించానో! పన్నెండో రోజున ఏ హెచ్చరికా లేకుండా పక్కింటి పమేరియన్ మీద పడింది. ఇంకో కుక్క కనబడితే మెడ నొప్పెడుతుందని నేర్పింది నేనే, భయమేస్తోందని ముందే చెప్పే నోరు నొక్కిందీ నేనే. గుర్రుమంటే తిట్టకండి. అది మీకు ఇస్తున్న సమాచారం, దూరం పెంచండి.

దగ్గరికి ఎప్పుడు జరగాలి? ఎదుటి కుక్కను చూసి, తనంతట తానే తల తిప్పి "ఏదీ నా ముక్క" అన్నట్టు మీ మొహం వైపు చూసే రోజు వస్తుంది. కాటుక అలా మొదటిసారి చూసిన రోజు నేను వీధిలోనే కన్నీళ్లు పెట్టుకున్నాను. అలా వరుసగా నాలుగైదు రోజులు చూస్తే మూడు అంగలు ముందుకు జరగండి, అంతకంటే వద్దు. మళ్లీ బిగుసుకుంటే పాత చోటికే వెళ్లండి. వరుస సరిచేసుకున్నాక కాటుక నలభై ఐదు నుంచి పద్దెనిమిదికి రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఇంకో కుక్కతో ఆడుకోవడం దానికి ఇప్పటికీ ఇష్టం లేదు, ఆడమని నేనూ అడగను.

ఈ వారం నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీయండి: ఎన్ని అంగల దూరం, ముక్క ఎలా తీసుకుంది, మీ వైపు తనంతట తాను తిరిగిందా లేదా. మూడో గడిలో ఒక్కసారి కూడా "తిరిగింది" అని రాలేదంటే పది అంగలు వెనక్కి జరిగి ఇంకో వారం ఇదే పాఠం చేయండి.

వచ్చే పాఠం గేటు లోపలి నుంచి మొరిగే కుక్క గురించి. ఆ లోపు గేటు సందులకు కింది నుంచి మూడు అడుగుల ఎత్తు దాకా ఒక పాత గోనెసంచి కట్టి ఉంచండి.