ఈ-కామర్స్ విద్యార్థులకు దుకాణంలోనే శిక్షణ ఇచ్చే విధానం

విజయవాడ, గుంటూరు కళాశాలల్లో ఈ-కామర్స్ బోధించే అధ్యాపకులకు చేనేత చీరలకు పేరున్న మంగళగిరి చేరువలో ఉండటం పెద్ద వెసులుబాటు. నలుగురేసి విద్యార్థుల జట్టుకు, ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఒక చేనేత చీరల దుకాణాన్ని చూపించి, ఒకే రకం సరుకును ఫోటో తీసే దశ నుంచి లెక్క తేలే దశ వరకు ఆ జట్టు చేతనే నడిపించాలి. గుంటూరు మిర్చిపొడి మీదికి మనసు పోవడం సహజమే గాని, ఆహార పదార్థాల అమ్మకానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషనో లైసెన్సో ఉండాలి కనుక, అవి ఉన్న వ్యాపారి ఒప్పుకుంటేనే దాని జోలికి వెళ్లడం మేలు.

మొదట సరుకు వివరాలు రాయించాలి. చీర విప్పి, టేపుతో పొడవు కొలిచి, జాకెట్టు ముక్క ఉన్నదీ లేనిదీ చూసి, నూలు, జరీ రకాలను దుకాణదారుని అడిగి విద్యార్థి స్వయంగా రాయాలి. ట్యూబ్‌లైటు కింద ఒక ఫోటో, పగటిపూట నీడపట్టున మరొకటి తీయించి, రెండింటినీ చీర పక్కన పెట్టి చూడమంటే, "రంగు వేరుగా ఉంది" అంటూ చీరలు ఎందుకు వెనక్కి వస్తాయో వారికే బోధపడుతుంది.

ప్యాకింగ్ చిన్న పని అనుకోకూడదు. చాలా కొరియర్ సంస్థలు అసలు బరువును, పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చే బరువుతో పోల్చి, ఎక్కువైనదానికే ఛార్జీ వేస్తాయి. అరకిలో చీరను 40×30×10 పెట్టెలో పెడితే అది 2.4 కిలోల కింద లెక్కకు వస్తుంది. 35×28×4 కొలతల్లో సర్దితే 0.8 కిలో కూడా దాటదు. ఈ లెక్కను స్కేలు చేతికిచ్చి, పార్సిల్ ముందు పెట్టి చేయించాలి.

ఎక్కువ సమయం కేటాయించవలసింది మాత్రం రిటర్నులకే. వెనక్కి వచ్చిన ప్రతి పార్సిల్‌నూ దుకాణదారుని ఎదుటే విప్పించి, మడత చెదిరిందా, మరక పడిందా, కొనుగోలుదారు చెప్పిన కారణం సరైనదేనా అన్నది రిజిస్టరులో రాయించాలి. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలి కాబట్టి, జవాబు ముసాయిదాను ఆ గడువు గుర్తుంచుకొనే రాయించి, దుకాణదారు చూశాకే పంపించాలి. కొనుగోలుదారుల ఫోన్ నంబర్లు, చిరునామాలు విద్యార్థుల సొంత ఫోన్లలోకి ఎక్కకూడదు. ఇందులో మొహమాటం పనికిరాదు.

చివరగా, మార్కెట్‌ప్లేస్ (దుకాణం సరుకును ఆన్‌లైన్‌లో అమ్మిపెట్టే వెబ్‌సైటు) పంపే చెల్లింపు వివరాల నుంచి కమిషను, రవాణా ఖర్చు, జీఎస్టీ కింద కోసే టీసీఎస్ (అమ్మకం సొమ్ము నుంచి మార్కెట్‌ప్లేస్ ముందే మినహాయించి ప్రభుత్వానికి కట్టే పన్ను) విడదీయించాలి. ఈ టీసీఎస్ 2024 జూలై 10 నుంచి 1 శాతం బదులు 0.5 శాతమైంది, పాత నోట్సులో 1 అనే ఉంటుంది, దిద్దించాలి. మార్కులు వేసేటప్పుడు ఎంత అమ్మారన్నది పక్కన పెట్టి, బ్యాంకులో పడిన సొమ్ముకూ తమ లెక్కకూ ఉన్న తేడాను రూపాయితో సహా వివరించగలిగారా లేదా అన్నదే చూడాలి. మౌఖిక పరీక్షలో ఆ ప్రశ్నలు దుకాణదారు చేతనే అడిగించడం ఉత్తమం.