సెకండ్‌హ్యాండ్ డీజిల్ ట్రక్కు కొనే ముందు: ఇంజెక్టర్ లక్షణాలు, కారణాలు, వారంటీ చిక్కులు

మీరు వెళ్లేసరికే అమ్మేవాళ్లు ఇంజన్ స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచితే ఆ రోజు పరీక్ష దండగ. ఇంజెక్టర్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే భాగం) జబ్బులు ఎక్కువగా చల్లటి ఇంజన్‌లోనే బయటపడతాయి. బానెట్ ఎత్తి ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మరో రోజు పొద్దున్నే వస్తామని చెప్పండి. వెంట లైవ్ డేటా (ఇంజన్ లోపలి అంకెలు అప్పటికప్పుడు) చూపే స్కానర్, టార్చి, ఒక శుభ్రమైన గాజు సీసా ఉండాలి.

"ఇంజెక్టర్ పోయింది" అనడంతో పని అయిపోదు. ఎందుకు పోయిందో తేలితేనే కొత్తది నిలుస్తుంది. వారంటీ వాళ్లు డబ్బు ఇస్తారా లేదా అన్నదీ ఆ కారణం మీదే ఉంటుంది.

సెల్ఫ్ ఎంతసేపు కొట్టినా స్టార్ట్ కాదు

సెల్ఫ్ కొడుతూ స్కానర్‌లో రైల్ ప్రెషర్ (అన్ని ఇంజెక్టర్లకు డీజిల్ అందించే ఉమ్మడి గొట్టంలోని ఒత్తిడి) చూడండి. చాలా కామన్ రైల్ ఇంజన్లలో అది 150–250 బార్‌కి చేరకపోతే ఈసీఎం (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) ఇంజెక్టర్లను తెరవదు. ప్రెషర్ రాకపోవడానికి కారణాలను తక్కువ ఖర్చు నుంచి ఎక్కువ ఖర్చు వరుసలో వెతకాలి: మూసుకుపోయిన డీజిల్ ఫిల్టర్, లైన్లో గాలి, రైల్ మీద ఉండే రిలీఫ్ వాల్వ్ లీకు, ఇంజెక్టర్ల రిటర్న్ లీకు (ట్యాంకుకి తిరిగి పోయే డీజిల్ మరీ ఎక్కువ కావడం), చివరగా హై ప్రెషర్ పంపు.

రిటర్న్ లీకు పట్టడానికి ప్రతి ఇంజెక్టర్ రిటర్న్ పైపు ఊడదీసి, ఒక్కోదానికి ఒకే కొలత ఉన్న పారదర్శకమైన సీసా తగిలించండి. ట్యాంకు వైపు వెళ్లే పైపు మూతికి బిరడా పెట్టండి. ఇంజన్ ఎలాగోలా స్టార్ట్ అయితే రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) నడిపి సీసాల్లో మట్టాలు పోల్చండి. మిగతావాటికి రెట్టింపు నిండిన సీసా ఏ ఇంజెక్టర్‌దో దోషం దాదాపు అక్కడే. ఖచ్చితమైన హద్దు మాత్రం ఆ ఇంజన్ సర్వీస్ మాన్యువల్‌లో చూడాలి. పీజో (కరెంటుకి సాగే స్ఫటికంతో తెరుచుకునే) ఇంజెక్టర్లకు రిటర్న్ లైన్లో కొంత ఒత్తిడి నిలబడాలి కాబట్టి వాటికి ఈ సీసాల పద్ధతి పనికిరాదు.

పాత ఇన్‌లైన్ పంపుల కాలంలో నడుస్తున్న ఇంజన్ మీద పైపు నట్టు వదులు చేసి మిస్సింగ్ ఏ సిలిండర్‌దో కనిపెట్టేవాళ్లు. కామన్ రైల్ మీద ఆ పని ప్రాణాంతకం. 1,600 బార్ పైకి కూడా వెళ్లగల ఒత్తిడిలోని డీజిల్ ధార చర్మంలోకి దూసుకుపోతుంది. గాయం చిన్న చుక్కలా కనిపించినా వెంటనే ఆపరేషన్ అవసరమవుతుంది.

ఐడిల్‌లో తెల్లపొగ, కళ్లు మంట

పచ్చి డీజిల్ వాసన ఉంటే నాజిల్ (ఇంజెక్టర్ కొస) కారుతోంది, లేదా గ్లో ప్లగ్గో (చల్లటి సిలిండర్‌ని వేడిచేసేది) కంప్రెషనో బలహీనంగా ఉంది. తియ్యటి వాసన ఉండి కూలెంట్ తగ్గుతుంటే అది హెడ్ గ్యాస్కెట్ వ్యవహారం, ఇంజెక్టర్‌ని నిందించకండి. స్కానర్‌లో సిలిండర్ వారీ ఇంధన సవరణ అంకెలు చూడండి. ఒక సిలిండర్‌కి మైనస్ బాగా ఎక్కువైతే ఆ ఇంజెక్టర్ ఎక్కువ పోస్తోంది కాబట్టి ఈసీఎం కోత పెడుతోందని అర్థం. ప్లస్ ఎక్కువైతే ఇంజెక్టర్ తక్కువ పోస్తుండొచ్చు, కంప్రెషన్ పడిపోయి కూడా ఉండొచ్చు. కంప్రెషన్ కొలవకుండా ఇంజెక్టర్ కొంటే డబ్బు వృథా.

ఒకే సిలిండర్ నుంచి గట్టి కొట్టుడు శబ్దం

స్కానర్‌తో ఇంజెక్టర్లను ఒక్కొక్కటిగా ఆపండి. ఏది ఆపితే కొట్టుడు ఆగుతుందో దాని నాజిల్ తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండొచ్చు. అలా నడిపితే పిస్టన్ తల కరిగిపోతుంది. టెస్ట్ డ్రైవ్ అక్కడితో ఆపేయండి.

నల్లపొగ

ముందు ఎయిర్ ఫిల్టర్, టర్బో పైపుల లీకు, ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే వాల్వ్) చూడండి. ఇంజెక్టర్ వంతు ఆ తర్వాతే.

చుఫ్ చుఫ్ శబ్దం, ఇంజెక్టర్ చుట్టూ తారులాంటి మడ్డి

కింది రాగి వాషర్ లీకు. ఇంజెక్టర్ బయటకు తీసి, సీటును కట్టర్‌తో శుభ్రం చేసి, కొత్త వాషర్, కొత్త క్లాంప్ బోల్టు వేసి మాన్యువల్ చెప్పిన టార్క్‌కి బిగించాలి. పాత వాషర్ మళ్లీ వేస్తే మళ్లీ లీకే. ఆలస్యం చేసేకొద్దీ మడ్డి గట్టిపడి, ఇంజెక్టర్ తీయడమే పెద్ద పని అవుతుంది.

ఇంజన్ ఆయిల్ మట్టం పెరుగుతోంది

డిప్‌స్టిక్ మీద గరిష్ఠ గీత దాటి, డీజిల్ వాసన వస్తుంటే రెండు దారులున్నాయి: డీపీఎఫ్ (పొగలోని మసి పట్టే ఫిల్టర్) రీజనరేషన్ (ఆ మసిని కాల్చేయడం) మాటిమాటికీ సగంలో ఆగిపోవడం, లేదా వాల్వ్ కవర్ కింద కూర్చునే ఇంజెక్టర్ పగలడం. రెండోదానికి పేరుమోసిన ఉదాహరణ జీఎం ట్రక్కుల 2001–2004 డీజిల్ ఇంజన్ డ్యూరామ్యాక్స్ ఎల్‌బీ7. ఆ ఇంజెక్టర్లకు జీఎం 7 ఏళ్లు లేదా 2,00,000 మైళ్ల ప్రత్యేక కవరేజీ ఇచ్చింది. అది ఎప్పుడో ముగిసింది. "కంపెనీ చూసుకుంటుంది" అని ఇప్పుడు ఎవరన్నా నమ్మకండి. అడగాల్సింది ఇంజెక్టర్లు ఎప్పుడు, ఏవి మార్చారన్న బిల్లు.

2003–2007 ఫోర్డ్ 6.0 పవర్ స్ట్రోక్ డీజిల్ ఇంజన్ కథ వేరు. దాని ఇంజెక్టర్లను ఇంజన్ ఆయిల్ ఒత్తిడి నడుపుతుంది, కరెంటు 48 వోల్టుల మాడ్యూల్ నుంచి వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు మిస్సింగ్ ఉంటే మొదట ఆ వోల్టేజీ కొలవండి. 45 కంటే పడిపోతే మాడ్యూల్ బాగు చేయించకుండా ఎనిమిది ఇంజెక్టర్లు మార్చినా అవీ పాడవుతాయి.

ఫిల్టర్‌లో మెరిసే రజను

ఫిల్టర్ హౌసింగ్‌లోని డీజిల్‌ని గాజు సీసాలోకి పట్టి టార్చి వెలుగులో చూడండి. నీళ్లయితే అడుగున వేరుపడతాయి. లోహపు రజను కనిపిస్తే హై ప్రెషర్ పంపు అరిగిపోతోంది. పంపు ఒక్కటే మారిస్తే చాలదు. ట్యాంకు, లైన్లు కడగాలి, రైల్, ఇంజెక్టర్లు కూడా మార్చాలి. ఇలాంటి బండిని ధర తగ్గించినా వదిలేయడమే మంచిది.

వారంటీ కాగితాలు

గడువు మీరు కొన్న రోజు నుంచి కాదు, మొదటి యజమానికి బండి అప్పగించిన తేదీ నుంచి మొదలవుతుంది. చాసిస్ నంబరుతో అధికారిక సర్వీస్ సెంటర్‌లో మిగిలిన గడువు, పాత క్లెయిములు అడగండి. బయటి కంపెనీ ప్లాను అయితే మీ పేరుకి బదిలీ అవుతుందా, ఎన్ని రోజుల్లోపు దరఖాస్తు చేయాలో చదవండి. పేరు రాసిన భాగాలకే వర్తించే ప్లానులో "ఇంజెక్టర్" అన్న మాట లేకపోతే అది లేనట్టే. లేబర్, పరీక్ష ఖర్చు ఎవరిదో కూడా రాతలో ఉండాలి.

క్లెయిము తిప్పికొట్టే కారణాలు సాధారణంగా ఇవే: డీజిల్‌లో నీళ్లు లేదా మురికి, ఫిల్టర్ మార్చిన బిల్లులు లేకపోవడం, ఈసీఎం ట్యూనింగ్, డీపీఎఫ్ తీసేయడం. లోపాల కోడ్‌లు చెరిపేశాక నడిచిన దూరం స్కానర్‌లో కనిపిస్తుంది. అది పదో ఇరవయ్యో కిలోమీటర్లుంటే మీకు చూపించడానికి ముందే చెరిపారన్నమాట.

ఇంజెక్టర్లు మార్చాక కూడా ఐడిల్ కుదరడం లేదు

ఇంజెక్టర్ తల మీద ఉండే కోడ్‌ను ఈసీఎంలో ఎక్కించారో లేదో చూడండి. ఆ రకం ఇంజన్లలో సిలిండర్ల మధ్య ఇంజెక్టర్లు తారుమారు చేసినా కోడ్‌లు మార్చి రాయాలి. కొత్త ఫిల్టర్ బిల్లు జత చేసి ఉంచండి. క్లెయిము వేసినప్పుడు అనుమతి రాకముందే ఏదీ విప్పించకండి. విప్పాక పాత ఇంజెక్టర్లను, సీలు వేసిన డీజిల్ నమూనాను క్లెయిము తేలేదాకా పారేయకండి.