బౌలింగ్ లీగ్‌ను చక్కదిద్దడం ఎలా?

బౌలింగ్ అనగానే మనకు క్రికెట్టే గుర్తొస్తుంది. ఇది ఆ బౌలింగ్ కాదు. బరువైన బంతిని దొర్లించి పది పిన్నులను పడగొట్టే ఆట. అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లు కొందరు సహోద్యోగులతో కలిసి వారానికో సాయంత్రం ఈ లీగుల్లో ఆడుతుంటారు. మా లీగ్‌లో కార్యదర్శి పదవి ఎవరూ వద్దంటే నా మెడకు చుట్టుకుంది. జట్లు తగ్గిపోతున్నాయి, కరపత్రాలు పంచుదామన్నారు. చిల్లికుండలో నీళ్లు పోయడమే అనిపించింది.

ముందు నియమావళి సంపాదించి చదవండి. అమెరికాలో ఈ ఆటకు నియమాలు పెట్టే జాతీయ సంస్థ యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్. దాని గుర్తింపు ఉన్న లీగ్ అయితే నిర్ణయాధికారం అధ్యక్షుడొక్కడిది కాదు. పదాధికారులు, జట్ల కెప్టెన్లు కలిసిన బోర్డుది. ఈ సంగతి తెలియని కెప్టెన్లు ఎందరో. కాంగ్రెస్ నియమాల్లో కొన్ని మార్చడానికి వీల్లేనివి. కొన్ని, లీగ్ తనకంటూ వేరే నియమం పెట్టుకోకపోతే వర్తించేవి. మీ చేతిలో ఉన్నవి ఈ రెండో రకమే. వాటి కింద గీత గీయండి.

తర్వాత డబ్బు. ఇక్కడ తొందర పనికిరాదు. 10 జట్లు, జట్టుకు నలుగురు, తలా వారానికి 20 డాలర్లు కడుతున్నారనుకుందాం. అందులో 13 డాలర్లు బంతి దొర్లించే లేన్ల అద్దెకు, 1 కార్యదర్శికి, 6 బహుమతుల నిధికి. నిధికే వారానికి 240. 32 వారాలకు 7,680 డాలర్లు. మా దగ్గర ఈ సొమ్మును స్కోరు బల్ల మీద, వేపుడు బంగాళాదుంపల పళ్లెం పక్కన పెట్టుకుని లెక్కించేవారు. నూనె మరకలంటిన కవర్ల మీద పెన్సిల్ అంకెలు. దొంగలెవరూ లేరు గానీ, నిధిలో ఎంతుందని అడిగితే చెప్పగలవారూ లేరు. చెక్కు మీద రెండు సంతకాలు ఉండాలి, అధ్యక్షుడు ప్రతి నెలా బ్యాంకు ఖాతా సరిచూడాలి. ఇవి కాంగ్రెస్ ఎప్పుడో పెట్టిన నియమాలే. అమలు చేస్తే చాలు. నెలకో పేజీ లెక్క రాసి పాయింట్ల పట్టిక పక్కనే అంటించండి.

హ్యాండిక్యాప్ మీద, అంటే సగటు తక్కువున్నవాళ్ల స్కోరుకు కలిపే అదనపు పిన్నుల మీద, గొడవ తప్పదు. 220 నుంచి ఆటగాడి సగటు తీసేసి, మిగిలినదాంట్లో 90 శాతం కలిపే లీగ్‌లో 150 సగటువాడికి 63 పిన్నులు, 210 సగటువాడికి 9 పిన్నులు వస్తాయి. కలిపితే 213, 219. మంచి ఆటగాడికి ఇంకా కాస్త మొగ్గు ఉందన్నమాట. 100 శాతం చేస్తే ఇద్దరూ 220 దగ్గర సమానం. అప్పుడు కొత్తవాళ్లకు ఆశ పుడుతుంది, పాతకాపులకు ఒళ్లు మండుతుంది. ఈ అంకెలను బల్ల మీద పెట్టి మాట్లాడండి, ఊరికే న్యాయం న్యాయం అంటే తేలదు. జట్లు తగ్గిపోతున్నప్పుడు సీజన్‌ను 32 నుంచి 15 వారాలకు కుదించడం మాత్రం చర్చ అక్కర్లేకుండా చేయాల్సిన పని.

నియమావళిలో సభ్యత్వం గురించిన వాక్యాలను మాట మాట పట్టి చూడండి. 1895లో పుట్టిన అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ 1950 దాకా శ్వేతజాతి పురుషులకే సభ్యత్వమిచ్చింది. ఆడవాళ్లు 1916లో, నల్లజాతి ఆటగాళ్లు 1939లో వేరు సంఘాలు పెట్టుకున్నారు. కార్మిక సంఘాలు, పౌరహక్కుల సంఘాలు పోరాడితే గానీ ఆ నిబంధన పోలేదు. పురుషుల, స్త్రీల సంఘాలు కలిసి ఇప్పటి కాంగ్రెస్ అయింది 2005లో. ఇవాళ అంత మొరటుగా ఎవరూ రాయరు. ‘పాత జట్లకు తొలి ప్రాధాన్యం’ అని రాస్తారు, అంతే.

సవరణలను ఓటుకు పెట్టేది సీజన్ ముగింపు సమావేశంలోనో, కొత్త సీజన్‌కు ముందు జరిగే సమావేశంలోనో. మధ్యలో కదిలిస్తే బహుమతుల లెక్కలు చెడతాయి. రెండు వారాల ముందే పాత వాక్యం, కొత్త వాక్యం పక్కపక్కన అచ్చు వేసి కెప్టెన్లకు ఇవ్వండి. ఒక్కో సవరణకు విడిగా చేతులెత్తించండి. మూటగట్టి పెడితే మూటంతా పోతుంది.

మా దగ్గర హ్యాండిక్యాప్ సవరణ ఒక్క ఓటుతో ఓడిపోయింది. ఏ పదవిలోనూ వరుసగా రెండేళ్లకు మించి ఎవరూ ఉండకూడదన్న సవరణకు మాత్రం అందరి చేతులూ లేచాయి. నాది కాస్త ముందుగానే లేచింది.