రెండేళ్ల బిడ్డ మోషన్‌కి ఏడుస్తుంటే ఏం చేయాలి?

మా చిన్నాడికి రెండున్నరేళ్లప్పుడు, గుంటూరు బ్రాడీపేటలో మేముండే ఇంట్లో, హాల్లో కర్టెన్ వెనక వాడికో చోటుండేది. ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి అక్కడికి పరిగెత్తేవాడు. మునివేళ్ల మీద నిలబడి, కాళ్లు రెండూ పెనవేసి, మొహం కందగడ్డలా చేసుకుని వణికిపోయేవాడు. "పాపం, ముక్కుతున్నాడే, రావట్లేదు" అనేది అత్తయ్య. "ఇంకొంచెం ముక్కు నాన్నా" అని నేను పక్కన కూర్చుని బతిమాలేదాన్ని. నాలుగు నెలలు ఇదే వరస. చివరికి ఫోనులో తీసిన వీడియో చూసి పిల్లల డాక్టరు ఒకే మాట అన్నారు: "వీడు ముక్కట్లేదమ్మా, బిగబడుతున్నాడు."

ఆ మాటతో అప్పటిదాకా మేం చేసినదంతా తలకిందులైంది. ఒకసారి గట్టిగా వచ్చి బాగా నొప్పెట్టింది. ఇక దొడ్డికి వెళ్తే నొప్పేనని పసివాడి మనసులో నాటుకుంది. వచ్చినప్పుడల్లా లోపలికి బిగపట్టేస్తున్నాడు. లోపల ఆగినకొద్దీ పెద్దపేగు దానిలో నీళ్లు పీల్చేస్తుంది, అది ఇంకా గట్టిపడి ఇంకా లావవుతుంది. ఈసారి వచ్చేటప్పుడు నొప్పి రెట్టింపు, భయమూ రెట్టింపు. ఏడాది నుంచి నాలుగేళ్ల లోపు పిల్లల్లో మలబద్ధకం చాలావరకు ఈ సుడిగుండమే, పేగులో జబ్బేమీ ఉండదు. అందుకే పనులు ఒక వరసలో జరగాలి. ముందు నొప్పి పోవాలి, తర్వాత భయం పోవాలి, అలవాటు ఆఖరున వస్తుంది. ఇళ్లలో మనం చేసేది తిరగేసి: తిండి మార్చి, పాటీ మీద కూర్చోబెట్టి, రాకపోతే కసురుతాం.

ముందు, అది మలబద్ధకమేనా చూసుకోండి

రోజూ మోషన్ అవ్వాలన్న నియమమేమీ లేదు. రోజుకి మూడుసార్లు వెళ్లే పిల్లలుంటారు, రెండ్రోజులకోసారి మెత్తగా, ఏడవకుండా వెళ్లేవాళ్లూ ఉంటారు. ఇద్దరూ బాగున్నట్టే. వారంలో రెండుసార్లకి మించి కాకపోవడం, మేక పెంటికల్లా ఉండలుగా రావడం, లేదా బిడ్డకి ఇంత లావుదా అనిపించేంత పెద్దది రావడం, వెళ్లేటప్పుడు ఏడవడం, కర్టెన్ వెనకో మంచం చాటునో దాక్కోవడం, పొట్ట ఉబ్బి అన్నం వద్దనడం – వీటిలో రెండు మూడు కలిసి కనిపిస్తే అనుమానించాల్సిందే.

ఇంకో గుర్తు ఉంది, మేం మోసపోయింది అక్కడే. రోజంతా నిక్కరుకి పల్చగా మరకలు అంటుతుంటే విరేచనాలు పట్టుకున్నాయనుకున్నాం. మందుల షాపులో అడిగి మోషన్లు కట్టే మందు తెచ్చి పోశాం. లోపల గట్టి ముద్ద అడ్డుపడి ఉంటే, పైనుంచి వచ్చే పల్చటిది దాని పక్కల నుంచి కారుతుంది. అది విరేచనం కాదు, మలబద్ధకం ముదిరిందన్న గుర్తు. అలాంటప్పుడు కట్టే మందు వేస్తే అసలే ఇరుక్కున్నది ఇంకా బిగుస్తుంది. దయచేసి ఈ పొరపాటు మీరు చేయకండి.

పాల లెక్క రాసుకునే క్యాలెండర్ ఉంటుంది కదా, ఆ గళ్లలోనే మోషన్ కూడా రాయండి. ఏ రోజు, ఎలా వచ్చింది (ఉండలు, గట్టిది, మెత్తనిది), ఏడ్చాడా, రక్తం కనిపించిందా. పక్కనే ఎన్ని గ్లాసుల పాలు తాగాడో కూడా. రెండు వారాలు రాస్తే డాక్టరుకి సగం కథ అందులోనే దొరుకుతుంది. మా క్యాలెండర్ చూస్తే నాకే దొరికిపోయింది.

ఇంట్లో ఆగకుండా వెళ్లాల్సిన సందర్భాలు

పొట్ట బాగా ఉబ్బి గట్టిపడినా, ఆకుపచ్చ వాంతులైనా, జ్వరం తోడైనా, ఎక్కువ రక్తం పడినా ఆ రోజే వెళ్లాలి. రాత్రి అయితే విజయవాడలోనైనా గుంటూరులోనైనా ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఎమర్జెన్సీ తెరిచే ఉంటుంది. కదల్చలేని స్థితిలో ఉంటే 108కి ఫోన్ చేయండి. పుట్టిన మొదటి నెల నుంచే ఈ ఇబ్బంది ఉన్నా, పుట్టాక రెండ్రోజుల దాకా నల్లటి మొదటి మలం పడకపోయినా, బరువు పెరగకపోయినా, నడకలో కాళ్లు బలహీనంగా అనిపించినా ఆ సంగతి డాక్టరుకి మీరే గుర్తుచేసి చెప్పండి. పేగు నరాల్లోనో, వెన్నులోనో, థైరాయిడ్‌లోనో తేడా ఉందేమో వాళ్లు చూస్తారు. ఏడాది లోపు పిల్లల విషయంలో ఈ వ్యాసం పక్కన పెట్టి నేరుగా డాక్టరు దగ్గరికే వెళ్లండి. ఐరన్ సిరప్ వాడుతుంటే అదీ చెప్పాలి, కొందరికి దానితో గట్టిపడుతుంది.

మలం పైన సన్నగా ఎర్రటి గీతలా రక్తం కనిపిస్తే చాలాసార్లు అది ఆసనం దగ్గర చిన్న పగులు. డాక్టరుకి చూపించండి, ఈలోగా గోరువెచ్చని నీళ్ల టబ్బులో పది నిమిషాలు కూర్చోబెడితే మంట తగ్గుతుంది. ఆ పగులు మానేదాకా పచ్చడి అన్నం, కారం కూరలు పెట్టకండి. కారం వల్ల మలబద్ధకం రాదు గానీ పగులు మీద మండుతుంది.

ఇరుక్కున్నది బయటికి రావాలి

లోపల పెద్ద ముద్ద పేరుకుపోయి ఉంటే బొప్పాయి, ఆకుకూర దాన్ని కదిలించలేవు. పీచు ఇంకా ఇంకా పెడితే వెనకాల రద్దీ పెరుగుతుంది. ఇక్కడ మందే కావాలి, అది డాక్టరు రాయాలి.

పిల్లలకి ఎక్కువగా రాసేవి రెండు. ఒకటి నీళ్లలో కలిపి తాగించే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి. మన దేశంలోని పిల్లల జీర్ణకోశ నిపుణులు 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఏడాది దాటినవాళ్లకి మొదటి మందుగా దీన్నే చెప్పారు. రెండోది లాక్టులోజ్, తియ్యటి సిరప్. రెండూ పేగులో నీళ్లు నిలిపి మలాన్ని మెత్తబరుస్తాయి. మోతాదు బిడ్డ బరువుని బట్టి ఉంటుంది, కాబట్టి పక్కింటి పిల్లాడికి రాసిన చీటీ మీ బిడ్డకి పనికిరాదు. మొదట కొన్ని రోజులు ఎక్కువ మోతాదిచ్చి లోపలిది ఖాళీ చేయిస్తారు. ఆ రోజుల్లో డైపర్లు, పాత గుడ్డలు దండిగా పెట్టుకుని, ఊరి ప్రయాణాలు మానుకోండి. తర్వాత రోజూ చిన్న మోతాదు.

"మందుకి అలవాటు పడిపోతాడేమో" అని మా ఇంట్లో అందరూ భయపడ్డారు. ఈ మెత్తబరిచే మందులకి పేగు అలవాటు పడదు. పదిరోజులకే మానేయడమే అసలు ప్రమాదం, ఎందుకో ఆఖర్లో చెప్తాను.

మన ఇళ్లలో నడిచే కొన్ని పద్ధతుల గురించి ఇక్కడే చెప్పాలి. తమలపాకు కాడ ఆముదంలో ముంచి ఆసనంలో పెట్టడం, సబ్బు ముక్క పెట్టడం – పెద్దవాళ్లు ప్రేమతోనే చేస్తారు, నిజమే. అప్పటికప్పుడు వస్తుంది కూడా. కానీ లోపలి పొర సున్నితం, సబ్బుతో మండుతుంది, కాడతో గీసుకుంటుంది. అంతకన్నా ముఖ్యం, భయంతో బిగబట్టే బిడ్డకి అక్కడే ఇంకో నొప్పి చూపిస్తున్నాం. ఆముదం తాగిస్తే కడుపులో మెలిపెట్టి విరేచనాలవుతాయి, ఏడ్చే బిడ్డకి ముక్కు మూసి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం కూడా ఉంది. షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ అనే నూనె కలిసిన సిరప్‌లతోనూ అదే భయం. ఇసబ్‌గోల్ పెద్దవాళ్లది, పసివాళ్ల గొంతులో ఉబ్బి అడ్డుపడవచ్చు. ఆసనంలో పెట్టే గ్లిజరిన్ బిళ్ల కూడా డాక్టరు చెబితేనే. అత్తయ్యకి నేను ఎదురు చెప్పలేదు. డాక్టరు గదిలోకి తననే తీసుకెళ్లాను. ఆయన చెప్పింది విన్నాక తమలపాకుల మాట మళ్లీ ఎత్తలేదు.

కూర్చోబెట్టడం

మెత్తగా రావడం మొదలయ్యాక, అంతకు ముందు కాదు.

తిన్నాక పేగులు వాటంతట అవే కదులుతాయి. ఆ సమయాన్ని వాడుకోవాలి. పొద్దున టిఫిన్ అయిన పావుగంటకి, రాత్రి అన్నం తిన్నాక, మూడు నుంచి ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. వచ్చినా రాకపోయినా లేపేయండి.

మన అమ్మమ్మలకి దీని కిటుకు తెలుసు. నేల మీద కూర్చుని, పాదాలు రెండూ చాపి, వాటి మీద బిడ్డని గొంతుక్కూర్చోబెట్టుకునేవాళ్లు. మోకాళ్లు పైకి, పొట్టకి ఆనుకుని, అమ్మ వీపు పట్టుకుని ఉంటుంది. పేగు వంపు సరిగ్గా తెరుచుకునే భంగిమ అదే. ఇప్పుడు మన ఫ్లాట్లలో వెస్టర్న్ కమోడే ఉంటుంది. దాని మీద కూర్చోబెడితే పిల్లాడి కాళ్లు గాలిలో వేలాడతాయి. పడిపోతానన్న భయానికే ఒళ్లంతా బిగించేస్తాడు, ఇక మోషన్ ఎక్కడొస్తుంది? పిల్లల సీటు ఒకటి పైన పెట్టి, పాదాల కింద పీట వేయండి. అన్నానికి కూర్చునే చెక్క పీట, రెండు ఇటుకలు, ఏదైనా సరే, మోకాళ్లు నడుం కన్నా కొంచెం ఎత్తులో ఉండాలి. నేల మీద పెట్టే చిన్న పాటీ అయితే ఇంకా సులువు.

కూర్చున్నాక "ముక్కు, ముక్కు" అనకండి. చేతికి బూర ఇచ్చి ఊదమనండి, సబ్బు బుడగలు ఊదించండి. ఊదినప్పుడు పొట్ట కండరాలు వాటంతట అవే పనిచేస్తాయి. మా వాడు కొండపల్లి బొమ్మ ఒకటి పక్కన కూర్చోబెట్టుకుని, ముందు దానికి రావాలనేవాడు. సరే, దానికే రానీ అనేదాన్ని. ఫోన్ మాత్రం ఇవ్వకండి, అరగంటైనా లేవడు.

పాటీ చూస్తేనే ఏడుస్తున్నాడా? డైపర్‌లోకి తిరిగి వెళ్లండి. ప్లేస్కూల్లో వేయాలని తొందరపడి నేను ట్రైనింగ్ మొదలుపెట్టాను, మా కథంతా అక్కడే ముదిరింది. రెండు నెలలు ఆగితే పోయేదేమీ లేదు. నిక్కరు పాడు చేసుకుంటే తిట్టకండి, కొట్టకండి. "ఛీ, కంపు" అన్న మాట కూడా ఇంట్లో వినిపించకూడదు, ఇంకా దాచుకుంటాడు.

పడుకోబెట్టి, గోరువెచ్చని కొబ్బరినూనెతో బొడ్డు చుట్టూ గడియారం ముల్లు తిరిగే వైపుగా మెల్లగా రుద్దడం, కాళ్లు సైకిల్ తొక్కినట్టు ఆడించడం బిడ్డకి హాయిగా ఉంటాయి. చేయండి, కానీ మందుకి బదులు కాదు.

పాలు, అన్నం, నీళ్లు

మా క్యాలెండర్‌లో నాకు దొరికింది పాలు. గేదె పాలు పొద్దున ఒక సీసా, మధ్యాహ్నం పడుకునే ముందు ఒకటి, సాయంత్రం బిస్కెట్లు ముంచి గ్లాసుడు, రాత్రి మళ్లీ సీసా. లీటరుకి దగ్గర దగ్గర. పాలలో పీచు లేదు, పైగా కడుపు నిండిపోయి అన్నం వద్దంటాడు, అన్నం తినలేదు కదాని ఇంకో సీసా ఇస్తాం. ఏడాది దాటినవాళ్లకి రోజుకి 400 నుంచి 500 మిల్లీలీటర్లు చాలు. మేం ముందు మధ్యాహ్నం సీసా తీసేశాం, వారం తర్వాత రాత్రిది గ్లాసులోకి మార్చాం. రెండు వారాలు రాద్ధాంతం చేశాడు, ఆ తర్వాత అన్నం అడగడం మొదలుపెట్టాడు. కొద్దిమంది పిల్లలకి పాల ప్రోటీన్ పడకపోవడం వల్ల కూడా మలబద్ధకం వస్తుంది. అనుమానముంటే కొన్ని వారాలు పాలు మాన్పించి చూడాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి.

మన కృష్ణా డెల్టాలో అన్నమంటే బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, అదీ మల్లెపువ్వులా పాలిష్ పట్టింది. వండిన తెల్లన్నం 100 గ్రాములు తింటే అర గ్రాము పీచు కూడా రాదు. అన్నం మానేయక్కర్లేదు, అందులో కలిపేది మార్చాలి. తోటకూర పప్పు, పాలకూర పప్పు, బీరకాయ, బెండకాయ, సొరకాయ మెత్తగా వండి కలపండి. పొట్టు తీయని పెసలతో పెసరట్టు, రాగి జావ. పండ్లలో జామకి సాటి లేదు, 100 గ్రాములకి 5 గ్రాముల పైనే పీచు. గింజలున్న భాగం తీసేసి మెత్తగా నలిపి పెట్టండి. విజయవాడ పటమట రైతు బజారులోనో, గుంటూరు కొల్లి శారద మార్కెట్‌లోనో చవగ్గా దొరికే బొప్పాయి, బాగా ముగ్గిన అరటి సరిపోతాయి. ఎండుద్రాక్ష రాత్రి నానబెట్టి, పొద్దున నలిపి ఆ నీళ్లతో సహా ఇవ్వండి. నలపకుండా అలాగే ఇస్తే గొంతులో పడొచ్చు. రెండేళ్లు దాటిన బిడ్డకి వయసుకి 5 కలిపితే వచ్చే గ్రాముల పీచు రోజూ అందితే చాలు, అంతకు మించి కుక్కక్కర్లేదు. బిస్కెట్లు, బ్రెడ్డు, చిప్స్ ఎంత తగ్గితే అంత మంచిది.

నీళ్లు దాహానికి సరిపడా. రోహిణి కార్తెలో మాత్రం మన బెజవాడ ఎండల్లో పిల్లల ఒంట్లో నీరు చెమటగా పోతుంది, అడిగేదాకా ఆగకండి. ఆడుకునే చోటే చిన్న స్టీలు గ్లాసు పెట్టండి. పల్చటి మజ్జిగ, కొబ్బరి నీళ్లు, తాటి ముంజలు అన్నీ మంచివే. కూల్ డ్రింకులు వద్దు.

మందు ఎప్పుడు ఆపాలి

క్యాలెండర్‌లో వారం రోజులు వరసగా "మెత్తగా, ఏడవలేదు" అని కనిపించగానే చేయి ఆగదు, మందు సీసా పక్కన పెట్టేస్తాం. నేనూ పెట్టేశాను. పదమూడో రోజుకి కర్టెన్ వెనక్కి వెళ్లాడు. సాగిపోయిన పేగు మళ్లీ బిగువు తెచ్చుకోవడానికి, బిడ్డ మనసు ఆ నొప్పి మర్చిపోవడానికి నెలలు పడుతుంది. రోజువారీ మందు కనీసం రెండు నెలలు ఉంటుంది, చాలామందికి అంతకన్నా ఎక్కువే. ఏ ఇబ్బందీ లేకుండా కనీసం ఒక నెల గడిచాక డాక్టరు మోతాదు కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. ఒక్కసారిగా ఆపరు.

తగ్గాక కూడా జ్వరం వచ్చినప్పుడో, సంక్రాంతికి ఊరెళ్లినప్పుడో తిరగబెట్టవచ్చు. రెండ్రోజులు రాకపోయినా, ఉండలు కనిపించినా, ఎంత మోతాదుతో మళ్లీ మొదలుపెట్టాలో డాక్టరుని ముందే అడిగి క్యాలెండర్ వెనక రాసిపెట్టుకోండి. ఊరెళ్లేటప్పుడు బ్యాగులో బిడ్డ పాటీ కూడా సర్దండి. కొత్త చోట, కొత్త బాత్రూంలో వాడికి తెలిసిన వస్తువు అదొక్కటే.