విశాఖ మార్పుల మీద చారిత్రక నవల రాయదలచిన వారికి

పరిశ్రమలు వచ్చి ఊరి రూపు మార్చిన కాలం మీద రాసిన నవలను పాఠకుడు వదలకుండా చదవటానికి ఒక బలమైన కారణం ఉంది. చివరికి ఏం జరిగిందో అతనికి ముందే తెలుసు, కథలోని మనిషికి తెలియదు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ విశాఖ రేవులోకి వచ్చిందని మనం చదువుకున్నాం. అంతకు కొన్నేళ్ల ముందు ఆ రేవు కోసం బురదలో పనిచేసిన కూలీకి మాత్రం సాయంత్రం చేతికొచ్చే డబ్బులూ, మానని కాలి పుండూ తప్ప మరో ధ్యాస ఉండదు. కాబట్టి మొదటి నియమంగా, మీ పాత్రకు రేపటి సంగతి తెలియనివ్వకండి.

కాలవ్యవధిని చిన్నదిగా ఎంచుకోండి. 1941లో ఓడల కర్మాగారానికి శంకుస్థాపన జరగటం, 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు నగరం మీద బాంబులు వేయటం, 1948లో అక్కడ కట్టిన జల ఉష అనే ఓడ నీటిలోకి దిగటం, ఈ ఏడేళ్లే ఒక నవలకు చాలు. రేవు మొదలుకొని ఉక్కు దాకా అంతా ఒకే కథలో కుక్కితే మనుషులు తేదీల కింద నలిగిపోతారు.

నా మనసు ఎక్కువగా లాగేది ఉక్కు కాలం. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న 1966 నాటి ఉద్యమంలో ప్రాణాలు పోయాయి, 1971 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఆ ఉక్కు కోసం భూములిచ్చిన నిర్వాసితుల చేతికి ఆర్-కార్డు, అంటే పునరావాస కార్డు, వచ్చింది, దానితో ఇంటికొక ఉద్యోగం వస్తుందన్న ఆశా వచ్చింది. ఇద్దరు కొడుకులున్న తల్లి ఆ కార్డును పాత చీరముక్కలో చుట్టి ట్రంకుపెట్టె అడుగున దాచి, వయసు మీరిపోతున్న పెద్దవాడి పేరు చెప్పాలా, నాలుగక్షరాలు నేర్చిన చిన్నవాడి పేరు చెప్పాలా అని తేల్చుకోలేక, పోయిన జీడితోటను తలచుకుంటూ మేలుకొని గడిపిన ఒక్క రాత్రిని ఓపికగా రాయండి. ఉద్యోగం వచ్చాక ఆ ఇంటి వేళలే మారిపోతాయి. సి షిఫ్టు, అంటే రాత్రి పని, చేసి వచ్చిన కొడుకు పగలు పడుకుంటే, కోడలు పిల్లలను వీధిలోకి పంపేసి, పప్పు రుబ్బటం సాయంత్రానికి వాయిదా వేస్తుంది. సామాజిక పరివర్తన అన్న పెద్ద మాట పాఠకుడికి అందేది చప్పుడు లేని ఆ రుబ్బురోలు దగ్గరే.

సమాచారం కోసం ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్లండి, ఆ తరువాత పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. మొదటి జీతంతో ఏం కొన్నారో అడిగితే, జీతమెంతో దానంతటదే బయటికి వస్తుంది. వాళ్ల నోట వినిపించే ‘ఏటి’, ‘నేదు’ వంటి మాటలను సంభాషణల్లో ఉంచండి, అయితే నవ్వు పుట్టించటానికి మాత్రం వాడకండి.

రాసిన తరువాత ఒకసారి కేవలం మాటల కోసమే చదవండి. ఉక్కు కర్మాగారంతో పాటు తరువాత వచ్చిన ‘ఉక్కునగరం’ అన్న పేరు 1966 నాటి మనిషి నోట దొర్లితే, ఆ పేజీ మళ్లీ రాయవలసిందే.